అంజన్ గడ్డిలో స్టైలో కలిపి వేసినా, ఆవులు స్టైలో ముట్టడం లేదు

కళ్యాణదుర్గం_బీడు | జూలై 19
అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం సైడు, ఎర్రనేల, బోరు లేదు, వానే దిక్కు. శనక్కాయ వేసి వేసి విసుగొచ్చి పోయినేడు మూడెకరాల్లో అంజన్ గడ్డి, స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క రెండూ కలిపి చల్లినా. స్టైలో విత్తనాన్ని కాచి దించిన నీళ్ళల్లో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్ళల్లో నానబెట్టే వేసినా, మొలక మటుకు బాగానే వచ్చింది. ఈ ఏడు మృగశిరలో పడిన వానకు రెండూ లేచి మోకాలెత్తు అయినాయి. ఇప్పుడు నాలుగు ఆవులు, రెండు పెయ్యదూడలు తోలితే గడ్డిని మాత్రమే ఏరుకోని తింటాండాయి. నిన్న పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గట్టు మీద కూచోని చూసినా. మా ఎర్రావు స్టైలో దుబ్బును మూతితో పక్కకు తోసి, దాని నడుమ ఉన్న గడ్డి పోచల్ని నాలుక చుట్టి పెరుక్కుంటాది. ఒకసారి గడ్డితో పాటు స్టైలో రెమ్మ కూడా నోట్లోకి పోయింది, నమిలినట్టే నమిలి ఆకు ఉంచుకోని కట్టెను మూతి పక్కనుంచి జారవిడిచింది. ప్రొటీన్ ఎక్కువ, పశువులు ఎగబడి తింటాయని చెప్పి విత్తనం అమ్మినారు. దీన్ని దున్నేసి ఒట్టి గడ్డే ఉంచుకుందామా అని ఆలోచన. తెలిసినోళ్ళు చెప్పండి.

సూపర్_నేపియర్ | జూలై 19
దున్నెయ్ బ్రో. ఒక అరెకరానికి నీళ్ళు చూసుకొని సూపర్ నేపియర్ గడ్డి కణుపులు పెట్టు, చాఫ్ కట్టర్ కొను, ఆరు పశువులకు ఏడాదంతా మేత. బీడులో తోలి మేపే రోజులు కావు ఇవి.

కళ్యాణదుర్గం_బీడు | జూలై 19
నీళ్ళుంటే నేను ఈ ప్రశ్నే అడగను అన్నా. మా ఊర్లో బోర్లు ఎండిపోయి ఏండ్లయింది.

రిటైర్డ్_పశువైద్యుడు | జూలై 20
బాబూ, తొందరపడి దున్నొద్దు. నీ ఆవులు చేస్తున్నది తప్పు కాదు, నీ పొలం కూడా చెడిపోలేదు. ఇప్పుడు ఆరుద్ర, పునర్వసు దాటాం, గడ్డి లేతగా ఉంది, ఇంకా కంకి వేయలేదు. ఈ దశలో అంజన్ ఆకులో ప్రొటీన్ పది శాతం దగ్గర్లో ఉంటుంది, పీచు మెత్తగా ఉంటుంది, నోటినిండా దొరుకుతుంది. ఆవుకి పైదవడ ముందు పళ్ళుండవు, నాలుకతో చుట్టి గుత్తిగా లాగడమే దానికి తెలిసిన పద్ధతి, అందుకు గడ్డి బాగా అనువు. స్టైలో రెమ్మ చిన్నాకులు, గట్టి కాడ, ఒక్కో నోటికి వచ్చే మేత తక్కువ. గడ్డి బాగున్నప్పుడు అది ఎందుకు కష్టపడుతుంది?

అసలు సంగతి మాత్రం గడ్డి ముదిరాక మొదలవుతుంది. మన వేడి దేశాల గడ్డి పెరిగే తీరే వేరు, వారాల్లో కాడ తీసి కంకి వేస్తుంది, ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, ఆ కాడ కడుపులో అరగక ఎక్కువసేపు నిలిచిపోతుంది. దీపావళి దాటేసరికి అదే గడ్డిలో ప్రొటీన్ మూడు, నాలుగు శాతానికి పడిపోతుంది. మేతలో ప్రొటీన్ సుమారు ఏడు శాతం కంటే తగ్గిందంటే ఆవు మొదటి పొట్ట అయిన రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులకి నత్రజని చాలదు, పీచు అరగదు, పొట్ట ఖాళీ కాదు, ఖాళీ కాకపోతే పశువు మళ్ళీ తినదు. అందుకే ఎండాకాలంలో మేత ఎదురుగా ఉన్నా పశువు చిక్కిపోతుంది. పప్పుజాతి మొక్క ముదిరినా ప్రొటీన్ అంత వేగంగా పడదు, స్టైలో అప్పుడు కూడా పది పైనే ఉంటుంది ఆకు ఉన్నంతవరకు. కార్తీకం దాకా ఓపిక పట్టు.

పాలమూరు_మేకలు | జూలై 20
డాక్టర్ సార్ చెప్పింది కరెక్టే గని ఒక్క మాట. మా మేకలు ఇప్పుడు గూడ స్టైలో తింటున్నయి, గొర్లు కొంచెం తింటయి, ఆవులే ముట్టయి. మేక పెదాలు సన్నగ ఉంటయి గదా, ఒక్కొక్క ఆకు గిల్లుకుంటది. అదే చేన్ల మూడు రకాల జీవాలు తోల్తే మూడు రకాలుగ తింటయి, మా నాయిన ఎప్పుడూ అంటుండె ఏ మేత మంచిదో నోటిని బట్టి చెప్పాలె గని మేతను బట్టి కాదు అని. స్కాబ్రా స్టైలో మాత్రం మేకలు గూడ ముందు వాసన చూసి ఒదిలేసినయి, దాని ఆకులు జిగట జిగటగ ఉంటయి, అలవాటైనంక తిన్నయి.

కడప_టు_క్వీన్స్‌లాండ్ | జూలై 22
అన్నా ఈ టాపిక్ చూసి లాగిన్ అయ్యా. మాది కడప జిల్లా, ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో పశువుల స్టేషన్ల (పెద్ద పెద్ద పశుక్షేత్రాల) మధ్యే నా ఉద్యోగం. మీ పొలంలో జరుగుతున్నది ఇక్కడ టౌన్స్‌విల్ చుట్టుపక్కల అందరికీ తెలిసిన విషయం. ఇక్కడ స్టైలో చరిత్ర పెద్దది, మొదట టౌన్స్‌విల్ స్టైలో అని ఏడాది మొక్క ఉండేది, 1970ల్లో ఆంత్రాక్నోస్ తెగులు వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. తర్వాత తెగులుకి నిలబడతాయని వెరానో, సీకా వచ్చాయి. మీరు వేసిన హమాటా జాతిదే ఈ వెరానో, పాలమూరు అన్న చెప్పిన జిగట స్కాబ్రా రకం సీకా.

ఇక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్ళు టౌన్స్‌విల్ దగ్గర లాన్స్‌డౌన్ అనే చోట పశువులు ఏ నెలలో ఏం తింటున్నాయో ఏళ్ళ తరబడి చూశారు. వానలు మొదలైన కొత్తలో చేనంతా స్టైలో ఉన్నా పశువులు గడ్డి వెంటే పడతాయి, వానలు ముగిసే రోజులకి గడ్డి కంకి వేసి ఎండటం మొదలవగానే స్టైలో వైపు తిరుగుతాయి, అప్పుడు తినే మేతలో సగానికి పైగా అదే అవుతుంది. పచ్చగడ్డి మళ్ళీ వస్తే మళ్ళీ గడ్డికే. ఒట్టి అడవి గడ్డి మీద మేసే పశువు కంటే స్టైలో ఉన్న చోట మేసే పశువు ఏడాదికి 30 నుంచి 60 కిలోలు ఎక్కువ బరువు పెరుగుతుందని ఇక్కడ అందరూ లెక్క వేసుకుంటారు, ఆ పెరుగుదల ఎక్కువ భాగం వచ్చేది వానాకాలం చివర, ఎండలు మొదలయ్యే రోజుల్లోనే. అంటే మీ ఆవులు ఇప్పుడు దాన్ని వదిలేయడం వల్లే అది మీకు అవసరం పడే రోజుకి మిగిలి ఉంటుంది. దున్నితే ఆ దాచుకున్న మేతని దున్నేసినట్టే.

కళ్యాణదుర్గం_బీడు | జూలై 22
చానా థ్యాంక్స్ తమ్ముడూ. ఒకటి అడగాల, పశువు ఏం తినిందో ఎట్ల తెలుసుకుంటారు? గట్టు మీద కూచోని చూస్తే నాకే సగం తెలియదు, రాత్రి మేసేది అసలే తెలియదు.

కడప_టు_క్వీన్స్‌లాండ్ | జూలై 22
పేడతో అన్నా. పేడ ఎండబెట్టి పొడి చేసి ల్యాబ్‌కి పంపుతారు.

ఎమ్మెస్సీ_పశుగ్రాసం | జూలై 23
ఇది నాకిష్టమైన సబ్జెక్టు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. కార్బన్‌లో 12 అని 13 అని రెండు బరువులు ఉంటాయి. వేడి దేశాల గడ్డి, జొన్న, మొక్కజొన్న, చెరకు ఇవన్నీ గాలిలోని కార్బన్‌ని ఒక దారిలో పట్టుకుంటాయి, స్టైలో, అలసంద, చెట్ల ఆకులు ఇంకో దారిలో పట్టుకుంటాయి, అందువల్ల బరువైన కార్బన్ వాటా రెండింట్లో తేడాగా ఉంటుంది. కొలిచే స్కేలు మీద గడ్డి మైనస్ 13 దగ్గర్లో ఉంటే పప్పుజాతి మైనస్ 27 దగ్గర్లో ఉంటుంది. పేడలో ఆ అంకె ఎక్కడ పడిందో చూస్తే తిన్నదాంట్లో గడ్డి ఎంత, గడ్డి కానిది ఎంత అని చెప్పొచ్చు. గడ్డి కానిది అన్నమాట ముఖ్యం, ఎందుకంటే ఆవు తుమ్మ ఆకు తిన్నా, కలుపుమొక్క తిన్నా అది కూడా స్టైలో లెక్కలోనే కలుస్తుంది. పైగా రెండు మేతలు ఒకేలా అరగవు కాబట్టి ఆ సవరణ కూడా చేయాలి.

గడ్డి త్వరగా గట్టిపడటానికి కారణం కూడా ఈ దారిలోనే ఉంది. ఈ రకం గడ్డి ఆకులో ఈనెల చుట్టూ మందమైన కణాల తొడుగు ఉంటుంది, ఎండని, నీళ్ళని బ్రహ్మాండంగా వాడుకుంటుంది, కానీ ఆ తొడుగు అరగడం కష్టం. ఎక్కువ పెరిగే గుణం, త్వరగా ముదిరే గుణం రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయి. నాకు ఇది చదివినప్పుడల్లా ఆశ్చర్యమే.

ఇంకోమాట అన్నా, దేశంలో స్టైలో విత్తనం ఎక్కువగా వచ్చేది మీ అనంతపురం జిల్లా రైతుల దగ్గర్నుంచే, మీకు తెలిసే ఉంటుంది.

కళ్యాణదుర్గం_బీడు | జూలై 23
తెలుసు తమ్ముడూ. మొక్క ఎండినాక కోసి తీసేసి, నేల మీద రాలిన విత్తనాన్ని పొరకతో ఊడ్చి, జల్లెడ పట్టి తీస్తారు. ఆడోళ్ళు పొద్దున్నే మంచుకు వంగి ఊడుస్తాంటారు. కానీ వాళ్ళు విత్తనం కోసం వేస్తారు, మేపేది తక్కువ, అందుకే ఆవు తింటాదా లేదా అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు.

కృష్ణాతీరం_గేదెలు | జూలై 25
మాకు ఈ ఇబ్బంది ఎప్పుడూ లేదండి. మా వైపు వరి కోతలకి వారం పదిరోజుల ముందే తడి ఉండగా పిల్లిపెసర, జనుము చల్లేస్తాం, కోత అయ్యాక చేలో అదే లేస్తుంది. గేదెని వదిలితే గట్టు మీద గడ్డి వంక చూడనైనా చూడదు, తిన్నగా పిల్లిపెసర మీదకే. కాబట్టి పప్పుజాతి అంటే పశువు ఇష్టపడదు అనేది తప్పండి, రకాన్ని బట్టి ఉంటుంది. మీరు స్టైలో తీసేసి శంఖుపూల తీగ వేసి చూడండి, మా పెరట్లో కంచెకి పాకితే దూడ తాడు తెంపుకొని వెళ్ళి తినేసింది.

కడప_టు_క్వీన్స్‌లాండ్ | జూలై 26
కృష్ణా గారూ మీరన్నది నిజమే, శంఖుపుష్పం పశువులకి ప్రాణం. ఇక్కడ నల్లరేగడిలో ప్రత్యేకంగా పశువుల కోసమే వేస్తారు. అయితే ఆ ఇష్టమే దానికి ముప్పు. తీగజాతి మొక్కకి చిగురు పైన చివర్న ఉంటుంది, ఆవు ముందు దాన్నే కొరికేస్తుంది, మళ్ళీ మళ్ళీ కొరికితే రెండేళ్ళలో చేనులో కనపడదు. ఇక్కడ సిరాట్రో అని ఒక తీగ 1960లో విడుదల చేశారు, ఎంతో ఆశ పెట్టుకున్నారు, రుచిగా ఉంటుంది, గాలిలోని నత్రజనిని బాగా పట్టుకుంటుంది, కానీ పశువుల సంఖ్య పెంచిన చోటల్లా పోయింది. స్టైలో నేలకి దగ్గర్నుంచి కొమ్మలు వేస్తుంది, వానల్లో పశువు వదిలేస్తుంది, గింజ రాలుస్తుంది, గట్టి గింజ కాబట్టి ఒక ఏడు మొలవకపోయినా ఇంకో ఏడు మొలుస్తుంది. మీ పిల్లిపెసర కోసుకుని లేదా ఒక నెల మేపి అయిపోగొట్టే పంట, ఏటా విత్తుతారు, అందుకని రుచి ఎంతున్నా నష్టం లేదు. ఏళ్ళ తరబడి నిలబడాల్సిన బీడుకి మరీ రుచైన మొక్క పనికిరాదు, నేనైతే ఇది చాలా గట్టిగా నమ్ముతా.

కుప్పం_పాడి | జూలై 27
నేను ఇంకోవైపు నుంచి చెప్తాను నాయనా. అందరూ స్టైలో ఉంటుందా పోతుందా అనే చూస్తున్నారు, నా భయం గడ్డి గురించి. వాన పడగానే ఆవులు గడ్డినే తింటాయి అన్నారు కదా, అంటే ఏటా ఆ లేత గడ్డి మీదే దెబ్బ. వేరులో దాచుకున్న బలంతో చిగురు వేస్తుంది, వేసింది వేసినట్టే కొరికేస్తే ఎన్నాళ్ళు వేస్తుంది? మూడో ఏటికి గడ్డి పోయి ఒట్టి స్టైలో మిగులుతుంది, స్టైలో దుబ్బుల మధ్య నేల ఖాళీ, పెద్ద వాన వస్తే మట్టి కొట్టుకుపోతుంది. మా చిన్నాన్న పొలంలో కళ్ళారా చూశాను.

మా మేనత్తవాళ్ళు తమిళనాడులో కాంగేయం పక్క. అక్కడ కొరంగాడు అని తరాల నాటి మేత భూములు ఉన్నాయి, చుట్టూ ముళ్ళ కంచె, నడుమ తెల్లతుమ్మ చెట్లు, కింద అంజన్ లాంటిదే కొళుక్కట్టై గడ్డి, దాంట్లో చిన్న చిన్న పప్పుజాతి తీగలు. కంచెలతో ముక్కలు చేసి ఒక ముక్క మేపితే ఇంకో ముక్క పడుకోబెడతారు. వాన పడిన వెంటనే తోలరు, గడ్డి నిలదొక్కుకున్నాకే తోలతారు. కాంగేయం ఎద్దులు దాని మీద బతికినవే. నువ్వు మూడెకరాల్ని కనీసం రెండు ముక్కలు చెయ్యి, ఏటా ఒక ముక్కకి వాన పడిన నాటి నుంచి ఆరు వారాలు సెలవు ఇవ్వు, మరుసటేడు ఇంకోదానికి.

రిటైర్డ్_పశువైద్యుడు | జూలై 28
అమ్మా, మీ మాట బంగారం, కానీ విత్తిన మొదటి రెండేళ్ళకి అది తిరగబడుతుంది. స్టైలో పిల్లమొక్క చాలా నిదానం, గడ్డి నీడ పడితే చచ్చిపోతుంది. అప్పుడు పశువుల్ని తేలిగ్గా తోలితే అవి గడ్డిని తిని స్టైలోకి వెలుతురు ఇస్తాయి.

కుప్పం_పాడి | జూలై 28
ఒప్పుకుంటాను సార్. కానీ తేలిగ్గా తోలడం అనేది మన ఊళ్ళల్లో ఎవరు చేస్తారు చెప్పండి, తోలితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోలతారు. ఆ అబ్బాయి స్టైలో మోకాలెత్తు అయింది అన్నాడు, ఇంక దానికి వెలుతురు బెంగ లేదు. ఇప్పుడు కాపాడాల్సింది గడ్డినే.

కడప_టు_క్వీన్స్‌లాండ్ | జూలై 29
అక్క చెప్పింది ఇక్కడ కూడా పెద్ద తలనొప్పే. స్టైలో గడ్డిని మింగేసిన చేలు ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చాలా ఉన్నాయి, అలాంటి చోట ఏళ్ళు గడిస్తే నేల పుల్లబారుతుంది కూడా. అన్నా, ఈ ఏటి నుంచే రెండు ముక్కలు చేయండి.

సూపర్_నేపియర్ | ఆగస్టు 2
ఇదంతా చదివాక నేను ముందు చెప్పింది తొందరపాటు మాట అని అర్థమైంది, నీళ్ళున్న నా పొలం చూసి నీళ్ళులేని పొలానికి సలహా ఇచ్చా, సారీ బ్రో. ఒకటి అడుగుతా, గట్టు మీద సుబాబుల్ పెడితే? మా ప్రకాశం జిల్లాలో పేపర్ మిల్లులకి ఎకరాలకెకరాలు వేస్తారు, కొమ్మ నరికితే పశువులు ఎగబడతాయి.

రిటైర్డ్_పశువైద్యుడు | ఆగస్టు 2
పెట్టొచ్చు, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. దాంట్లో మిమోసిన్ అని ఒక పదార్థం ఉంది, ఎక్కువైతే తోక వెంట్రుకలు రాలతాయి, చొంగ కారుతుంది, థైరాయిడ్ వాస్తుంది. ఆస్ట్రేలియాలో పశువులు ఇలా ఇబ్బందిపడుతుంటే హవాయిలో మేకలు హాయిగా తింటున్నాయని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించి, 1980ల్లో ఆ మేకల రూమెన్‌లోని బ్యాక్టీరియాని తెచ్చి పశువులకి ఎక్కించాడు, ఆ విషం విరిగిపోయింది. ఆ బ్యాక్టీరియాకి తర్వాత ఆయన పేరే కలిపి సినర్జిస్టిస్ జోన్సీ అని పెట్టారు. పశువు ఎగబడి తింటోంది కాబట్టి మంచిదే అనుకోకూడదని మా రైతులకి నేను చెప్పే ఉదాహరణ ఇది. లేత జొన్న చిగురు కూడా అంతే, ఆశగా తింటుంది, సైనైడ్‌తో పడిపోతుంది.

కళ్యాణదుర్గం_బీడు | నవంబర్ 16
మళ్ళా వచ్చినా. ఉత్తర, హస్తలో వాన బాగానే పడింది, స్వాతి నుంచి ఆగిపోయింది. అక్క చెప్పినట్టు పాత చీరలు, ముళ్ళకంప పెట్టి అడ్డం కట్టి ఒకటిన్నర ఎకరా ఆరు వారాలు ఆపినా, ఆ ముక్కలో గడ్డి ఇప్పుడు రెండింతలు ఉండాది. గడ్డి పండి కంకి రాలిపోయింది. పోయిన ఆదివారం నుంచి చూస్తాండా, ఎర్రావు ముందు గడ్డి మొదట్లో ఉన్న పచ్చాకు కొరుకుతాది, తర్వాత స్టైలో చివర్లు. దూడలు ఇంకా వాసన చూసి వదిలేస్తాండాయి, తల్లి పక్కనే నిలబడి తల్లి తినేది చూసి ఒక పెయ్య మాత్రం నిన్న రెండు రెమ్మలు తినింది. అది చూసి నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను.

ఇంకో సంగతి డాక్టర్ సార్, నల్లావు పాత ఎముక ముక్క ఒకటి నోట్లో పెట్టుకోని గంటసేపు నమిలింది, గుంజితే ఇడవలేదు. గోతాం పట్ట కూడా నమలతాది. మేత చాలకనా?

రిటైర్డ్_పశువైద్యుడు | నవంబర్ 16
భాస్వరం లోపం బాబూ. స్టైలో భాస్వరం లేని నేలలో కూడా బతికే మొక్క, అది దాని గొప్పదనం, కానీ నేలలో లేనిది ఆకులోకి రాదు, ఆకులో లేనిది ఆవుకి రాదు. ప్రొటీన్ దొరికి పశువు పెరుగుతున్న కొద్దీ భాస్వరం అవసరం ఇంకా పెరుగుతుంది. ఎముకలు వెంటనే ఏరించెయ్, చచ్చిన పశువుల ఎముకల ద్వారా బాట్యులిజం అనే విషరోగం వచ్చి కాళ్ళు పడిపోయిన కేసులు చూశాను. ఖనిజ మిశ్రమం పొట్టులో కలిపి రోజూ పెట్టు, వచ్చే వానాకాలం పచ్చిమేత ఉన్న రోజుల్లో అసలు ఆపొద్దు, అందరూ అప్పుడే ఆపేస్తారు, అప్పుడే అది ఎక్కువ పనిచేస్తుంది.

పాలమూరు_మేకలు | నవంబర్ 17
అన్నా పొద్దుగాల మంచు ఉన్నప్పుడు తోలు, స్టైలో కట్టె మెత్తగ ఉంటది. మధ్యాహ్నం ఎండకు ఆకు ఊరికె రాలిపోతది.

కళ్యాణదుర్గం_బీడు | జనవరి 24
సంక్రాంతి పోయినాక రాస్తాండా. పాలమూరు అన్న మాట ఇని పొద్దున ఆరున్నరకే తోలతాండా. ఇప్పుడు నాలుగు ఆవులూ చేన్లోకి పోయినంకనే తిన్నగా స్టైలో మీదికే పోతాండాయి, గడ్డి మధ్య మధ్యలో. రాలిన ఆకును కూడా నాకుతాండాయి, మూతికంతా ఎర్రమట్టి, విత్తనం కొక్కేలు గడ్డం వెంట్రుకలకు అతుక్కోని ఉంటాయి. ఊర్లో మిగతా పశువుల డొక్కలు కనపడతాండాయి, మా ఎర్రావు ఈని నాలుగు నెలలైనా పూటకు రెండున్నర లీటర్లు ఇస్తాండాది, పోయినేడు ఇదే నెలకు వట్టిపోయింది. నల్లావు ఎముకలు నమిలేది మానింది. చేలో పేడ పడిన చోటల్లా చుట్టూ గడ్డి ముట్టకుండా వదిలేస్తాండాయి, అవి ఎప్పటికి తింటాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మృగశిరకు ఈసారి రెండో ముక్కను ఆపుతా, దానికి కంప ఇప్పుడే కొట్టి పెట్టినా.

కుప్పం_పాడి | జనవరి 24
పేడ చుట్టూ గడ్డి వాన పడి పేడ కరిగిపోయాక తింటాయి నాయనా, లేకపోతే పారతో పలచగా చల్లెయ్యి. చీరలు తీసేసి కంపే కట్టు, చీర చింపి తిన్నాయంటే కడుపులో చుట్టుకుంటుంది.